చెయ్యి తిరిగిన మనిషి

ద్వార్నెనే రేవులో సార్డీన్ల కాలం వస్తే
గాలి కూడా నూనెలో ముంచి తీసినట్టుంటుంది.
నేను ఆరు నెలల కాంట్రాక్టు దాన్ని.
గ్వెనోలా ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ ఉన్న మనిషి.
బెల్టుకి ఆ పక్క తను, ఈ పక్క నేను.
మధ్యలో చేపలు నడుస్తాయి. మేం నడవం.

కత్తెరతో తల, ఒక్క లాగులో పేగు,
డబ్బాలో ఒకటి అటు తోక, ఒకటి ఇటు తోక.
చూడండి, చెయ్యి తిరిగిన మనిషి అంటే ఇదీ
అని సూపర్‌వైజరు కొత్తవాళ్ళని తెచ్చి చూపించేవాడు.
ఇప్పుడా చెయ్యి తిరగదు.
నీళ్ళ సీసా మూత తియ్యమని
నావైపు చూడకుండా నా ముందుకి జరుపుతుంది.

విరామం గంట కొట్టగానే ఫోను.
"మేడమ్, మీ శిక్షణ ఖాతాలో డబ్బుంది,
నెలాఖరుకి మురిగిపోతుంది, మీ నంబరొకసారి చెప్పండి."
అరచేతిలో వైకుంఠం చూపించే గొంతు.
మొదట్లో బ్రెతాన్ భాషలో తిట్టేది,
తర్వాత్తర్వాత తిట్లు కూడా దండగనుకుంది.
దొంగ నోట పడ్డ నిజాన్ని
ఎవరు మాత్రం నమ్ముతారు?

నవంబరులో, పడవలు కదలని ఒక మంగళవారం,
నేనే లాక్కెళ్ళాను, టౌన్‌హాలు వెనక సలహా గదికి.
జలుబు చేసిన కుర్రాడొకడు, కొరాంతెన్ అట పేరు,
ముక్కు తుడుచుకుంటూ తెర మావైపు తిప్పాడు.
నాలుగు వేల నూట అరవై యూరోలు.
"ఎవరివి?"
"మీవే."
"నేనడగలేదే!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
ఈమె అడగనే లేదు.
ఎవరో ఏడాదికోసారి వచ్చి
గిన్నెలో ఇంత వేసి, మూత పెట్టి,
తలుపు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.
"సాయం కాదండీ, హక్కు" అన్నాడు కొరాంతెన్.
ఆ మాటకి గ్వెనోలా చుట్టూ చూసింది
యూనియన్ వాళ్ళెవరైనా వచ్చారేమోనని.

నా ఖాతా కూడా తెరిచాడు.
ఆ డబ్బుకి ఏ పాఠానికైనా ముందుమాట వస్తుందేమో.
నేనేం అనలేదు.

తెర మీద ఒక ఖాళీ గడి.
మీరేం నేర్చుకోవాలనుకుంటున్నారు?
సార్డీన్ అని కొట్టి, తనే నవ్వి, చెరిపేసింది.
చాలాసేపు వేలు గాల్లోనే ఉంది.
తల ఎక్కడ కొయ్యాలో చెప్పారు,
మరుగుదొడ్డికి ఎన్ని నిమిషాలో చెప్పారు,
ఈ ప్రశ్న మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ వెయ్యలేదు.
చివరికి, అక్షరం వెనక అక్షరం:
బస్సు.

నాలుగూ యాభైకి రేవు దగ్గర కదిలే మొదటి బస్సులో
డ్రైవరు వెనక సీటు తనది.
ప్రతి మలుపూ ఒంటికి తెలుసు.
డ్రైవర్లు కావలెనన్న కాగితం
ఆ అద్దానికే రెండు చలికాలాలుగా అంటుకుని ఉంది.

మీ వాటాగా వంద పైచిలుకు కట్టమంది తెర.
"హక్కుకి కూడా టికెట్టా?" అని సణిగి కట్టింది.
డాక్టరు మణికట్టు పట్టుకుని అటూ ఇటూ ఒంచి చూసి
"ఈ కాలం స్టీరింగు చిటికెన వేలికి తిరుగుతుంది, ఫర్లేదు" అన్నాడు.

మొదటి పరీక్ష తప్పింది.
రివర్సులో రెండు కోన్లు పడేసింది.
"ఒక్కచోటే నిలబడ్డదాన్ని కదా,
ముందుకి పోవడం తొందరగానే వచ్చింది,
వెనక్కి రావడమే..." అని ఆపేసింది.
రెండోసారికి సొంత డబ్బే పెట్టుకోవాలి.
పెట్టుకుంటుందట.

నిన్న విరామంలో మళ్ళీ అదే ఫోను.
మూత నేనే తీసిచ్చాను, ఒక గుక్క తాగింది.
"మేడమ్, మీ ఖాతాలో డబ్బు..."
"లేదు నాయనా" అంది,
మునివేళ్ళ పొలుసులు ఆప్రానుకి రాసుకుంటూ,
పెళ్ళికి నగ కొన్న మనిషిలా,
"అంతా ఖర్చు పెట్టేశాను."